చుక్క కుడి డెక్కలో పగులు

నలభై ఏళ్లకు పైగా గుర్రాలకు లాడాలు కొట్టాను. ఇప్పుడు నడుము వంగడం లేదు. కుడిచేతి బొటనవేలు మడత పడడం లేదు. కొలిమి మా మేనల్లుడికి అప్పగించేశాను. దొరలు మోటారు కార్లు కొనుక్కుంటున్నారు గాని ఈ దీవిలో గుర్రాలు ఇంకా పోలేదు. కంచరగాడిదలు అసలే పోలేదు. కాబట్టి ఈ పనిలోకి కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లు వచ్చి మేకు ఏ వాలులో కొట్టాలి, ఇనుము ఎంత కాలాలి అని నన్ను అడుగుతారు. అవి చేత్తో నేర్చుకునే సంగతులు, కాగితం మీద పెడితే రావు. నేను రాయదలచుకున్నది వేరే.

నా పేరు గవరయ్య. ఎస్టేటు పుస్తకంలో 'గోవ్రియా' అని ఎక్కింది, దొరలందరికీ నేను గోవ్రియానే. మా నాన్న విశాఖపట్నం జిల్లా మనిషి. కోరంగి రేవులో ఓడెక్కి చెరుకు పనికి వచ్చాడు. ఆ రేవు పేరు మీదే మా తెలుగువాళ్లందరినీ ఇక్కడ కోరంగివాళ్లంటారు. నేను బ్రిజే వెర్దియేర్ దగ్గర ఎస్టేటు కూలీల ఇళ్లలో పుట్టాను. మా భజనలు పాడించే గురువుగారి దగ్గర ఇసకలో అక్షరాలు దిద్దాను. మేం మాట్లాడే తెలుగులో క్రియోల్ మాటలు చాలా కలిసిపోయాయి. రాసేటప్పుడు వాటిని ఏరి పక్కన పెడుతున్నాను. అయినా కొన్ని మిగిలిపోతాయి, ఏమనుకోకండి.

ఎమిల్ చెప్పింది

నాకు పని నేర్పినవాడు ఎమిల్ అనే ముసలి క్రియోల్. అందరూ తొన్తొన్ ఎమిల్ అనేవాళ్లు, అంటే ఎమిల్ మావయ్య అన్నట్టు. వాళ్ల తాత బానిసగా అదే కొలిమిలో పనిచేశాడట. మొదటి ఏడాది నన్ను సుత్తి ముట్టుకోనివ్వలేదు. డెక్కలు కడగడం, వాటి అడుగున ఇరుక్కున్న మట్టీ రాళ్లూ కొక్కెంతో తీయడం, అంతే పని. "ముందు చూడు" అనేవాడు. ఏం చూడాలో మాత్రం చెప్పేవాడు కాదు.

ఆ ఏడాది చివరికి నాకు తెలిసింది ఇది. గుర్రం డెక్క మన గోరులాంటిదే. పైన వెంట్రుకలు ఆగిపోయే గీత దగ్గర పుడుతుంది, అక్కణ్ణించి కిందికి పెరుగుతుంది. దాని మీద ఉల్లిపొరలాంటి సన్నని నిగనిగలాడే పొర ఒకటి ఉంటుంది. డెక్కలో ఉన్న తడి ఆరిపోకుండా కాపాడేది ఆ పొరే. అది పోయిందంటే ఎండలో పెట్టిన కర్రలా డెక్క ఎండి పగులుతుంది. ఒకసారి నేను ముచ్చటగా ఉంటుందని ఆకురాయితో ఆ పొరను కాస్త నున్నగా రుద్దబోయాను. ఎమిల్ చేతిలో ఉన్న పట్టకారుతో నా వేళ్ల కణుపుల మీద కొట్టాడు.

"పా తూస్ సా!" అన్నాడు. దాన్ని ముట్టుకోకు అని. ఆ వాపు వారం రోజులుంది.

అంత బాగా నేర్పించుకున్న పాఠాన్ని నేను తప్పాను. ఎమిల్ పోయిన రెండేళ్లకే.

చుక్క

ఐరోపాలో పెద్ద యుద్ధం మొదలవడానికి కొన్నేళ్ల ముందు మాట. మా ఎస్టేటు గుర్రపుసాలలో కేప్ రేవు నుంచి ఓడలో తెచ్చిన ఒక ఆడగుర్రం ఈనింది. ఈని మూడోనాడు చచ్చిపోయింది. పుట్టింది ఆడపిల్ల, ఒళ్లంతా ముదురు గోధుమరంగు, నుదుట తెల్లమచ్చ. దొరలు జెత్వాల్ అని పేరు పెట్టారు, అంటే చుక్క అనే. మేం చుక్క అనే పిలిచాం.

దాన్ని బతికించింది సింహాద్రి. సాలలో గుర్రాలను చూసుకునేవాడు. నాకన్నా ఆరేళ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. ఆవుపాలలో నీళ్లూ కాస్త బెల్లమూ కలిపి, గుడ్డ ముంచి, గంటగంటకీ దాని నోట్లో పిండేవాడు. నెల రోజులు ఇంటికి వెళ్లింది తక్కువ. అతని భార్య రాములమ్మ చెరుకు చేలో పనిచేసి వస్తూ సాల దగ్గరే అన్నం పెట్టి వెళ్లేది. వాళ్లకు పెళ్లయి ఏడేళ్లు, అప్పటికి పిల్లలు లేరు. ఈ గుర్రప్పిల్ల ఎక్కడికెళ్లినా సింహాద్రి వెనకాలే తిరిగేది. అతను భోజనానికి కూర్చుంటే వచ్చి భుజం మీద మూతి పెట్టేది.

చుక్కకు మూడో ఏడు నడుస్తుండగా ఎస్టేటుకు కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడని అనను. చెరుకు సంగతి, ఫ్యాక్టరీ సంగతి అతనికి బాగా తెలుసు. గుర్రాల సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకోవడమూ తెలియదు. ఒక ఆదివారం ఎవరో దొరలు గుర్రాలను చూడ్డానికి వస్తున్నారని, శనివారం పొద్దున నన్ను పిలిచాడు.

"ఈ డెక్కలు చూడు, మొద్దుల్లా ఉన్నాయి. నున్నగా చెయ్యి. అద్దంలా మెరవాలి."

"ముస్యే, పైపొర తీస్తే డెక్క ఎండిపోతుంది. ఇది వానల్లేని కాలం."

"నిన్ను పెట్టుకున్నది పని చెయ్యడానికా, నాకు చెప్పడానికా?"

నేను ఆకురాయి తీశాను. చుక్క నాలుగు డెక్కలూ పైనుంచి కింది దాకా రుద్దాను. మసీ నూనే కలిపి పూశాను. సింహాద్రి దాని తల పట్టుకుని నిలబడి నా చేతుల వైపే చూస్తున్నాడు.

"ఎమిల్ ఉంటే సెయ్యనిచ్చేవాడా ఇది?" అన్నాడు.

"ఎమిల్ లేడు కదన్నా" అన్నాను.

ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వచ్చిన దొరలు చుక్క ఇంకా పసిది అనేసి, చెరుకు రసం తాగి వెళ్లిపోయారు. రాళ్ల బాటలు, ఎండగాలి. మూడు వారాలయ్యేసరికి ముందరి డెక్కలు రెండూ పగిలాయి. ఎడమ దానివి చిన్న పగుళ్లు. కుడి దానికి ముందు భాగంలో నట్టనడిమిన ఒక పగులు, నేల దగ్గర మొదలై వెంట్రుకల గీతకు వేలెడు దూరం దాకా పాకింది. చుక్క కుంటడం మొదలుపెట్టింది.

మేనేజరు మీద తోసెయ్యడం తేలిక. ఆకురాయి నా చేతిలో ఉంది. తెలిసినవాణ్ణి నేను.

వడ్లగింజ కొలత

ఇలాంటి పగుళ్లు మీకు చాలా కనిపిస్తాయి కాబట్టి మేం ఏం చేశామో చెబుతాను.

పగిలిన డెక్క అతుక్కోదు. ఏ మందు రాసినా అతుక్కోదు. అతుకుతుందని చెప్పేవాణ్ణి నమ్మకండి. పైనుంచి కొత్త డెక్క గట్టిగా పెరిగి, పగులు కిందికి జారి, చివరకు కత్తిరించుకు పోవాలి. మనం చెయ్యగలిగింది ఒకటే, ఆ లోపల పగులు పైకి పాకకుండా చూడడం.

లాడాలు ఊడదీశాను. పగులు ఉన్నచోట నేలకు ఆనకుండా డెక్క అంచును కాస్త ఎత్తుగా చెక్కాను, అడుగు వేసినప్పుడల్లా పగులు విచ్చుకోకుండా. కాల్చిన సన్నని ఇనుముతో పగులు కొసకు అడ్డంగా వడ్లగింజంత గాడి పెట్టాను. తడి గోడ మీద బీట పాకుతూ పాకుతూ కిటికీ దగ్గర ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. అయితే చెయ్యి కాస్త లోతుకు పోయిందా, లోపలి పచ్చి మాంసం కాలుతుంది. సింహాద్రి చుక్క చెవిలో ఏదో చెబుతూ నిలబడ్డాడు. అది కదల్లేదు.

మిగతాదంతా సింహాద్రి చేశాడు. రోజూ పొద్దున్నే ఏటి ఒడ్డున మెత్తటి బురదలో దాన్ని అరగంట నిలబెట్టేవాడు, డెక్క తడి తాగడానికి. తరవాత ఉప్పునీళ్లతో పగులు లోపల కడిగి, ఆరనిచ్చి, ఆముదంలో తేనెమైనం కరిగించి పైన పూసేవాడు. తడి లోపలికి వెళ్లాక దాన్ని నిలబెట్టాలి, అందుకే నూనె. ఉత్త నూనె రాస్తే ఎండిన డెక్కకు ఏమీ కాదు. పగలంతా తడిలో ఉంచినా మెత్తబడి చెడుతుంది. పరుపుగా ఎండు చెరుకాకు పరిచి, రోజూ మార్చేవాడు. నానబెట్టిన తవుడు, పచ్చగడ్డి. గట్టి నేల మీద అడుగు పెట్టనివ్వలేదు, ఎవరినీ ఎక్కనివ్వలేదు.

ఆముదం రాములమ్మే ఇంట్లో వండి ఇచ్చేది. ఒకనాడు నూనె గిన్నె పట్టుకొచ్చి, నేనూ ఉండగా అంది.

"గవరయ్యా, నా మడవలు పగిలి పదేళ్లయింది. ఒక్కనాడైనా ఈ మనిషి నూనె రాశాడేమో అడుగు. దీనికైతే మూడు పూటలా!"

సింహాద్రి తల వంచుకుని నవ్వాడు. అప్పటికే ఆమెకు నాలుగో నెల. పదేళ్ల తరవాత కడుపు పండిందని మా వీధిలో అందరికీ సంబరమే. కొన్నాళ్ల తరవాత సాయంత్రం వాళ్ల ఇంటి ముందునుంచి వెళుతుంటే, రాములమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని సింహాద్రి మడమలకు ఆముదం రాస్తున్నాడు. నన్ను చూసి ఆమె చీర కుచ్చెళ్లు కాళ్ల మీదికి లాక్కుంది. అతను మాత్రం ఆపలేదు.

డెక్క నెలకు ఒక వడ్లగింజ పొడవు పెరుగుతుంది. నేను పదిహేను రోజులకోసారి వెళ్లి, గింజ పక్కన పెట్టి కొలిచేవాణ్ణి. ఆ గాడి కొద్దికొద్దిగా కిందికి దిగుతుంటే, పైన కొత్త డెక్క ఒక్క గీతైనా లేకుండా నున్నగా వస్తుంటే, నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. చెడగొట్టింది నేనే అన్న సంగతి నెమ్మదిగా మరిచిపోయాను. బాగుచేస్తున్నది నేను అన్నదే మిగిలింది. మేనేజరు రెండుసార్లు అడిగాడు, దీన్ని ఎప్పటినుంచి ఎక్కొచ్చు అని. రెండుసార్లూ కుదరదన్నాను. ఈసారి ఎవరు చెప్పినా లొంగనని గట్టిగా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం

చెరుకు కోతల కాలం వచ్చింది. పగులు మొదలై ఎనిమిది నెలలు దాటింది. కింద రెండు వడ్లగింజలంత మిగిలింది. ఆ వారం దొరల సవారీ గుర్రాలన్నీ పోర్ట్ లూయీలో పందేలకు వెళ్లాయి. ఎడ్లూ కంచరగాడిదలూ దూరపు చేలల్లో చెరుకు బండ్లకు కట్టి ఉన్నాయి. సాలలో ఉన్నది చుక్క ఒక్కటే. నా దగ్గర కొలిమి ముందు ఒక కుంటి కంచరగాడిద ఉంది.

దాని వెనక కాలు నా మోకాళ్ల మధ్య బిగించుకుని, నోట్లో మూడు మేకులు పెట్టుకుని పనిచేస్తున్నాను. అది తన్నే జాతి. కళ్లు డెక్క మీదినుంచి తియ్యకూడదు.

"గవరయ్యా" అన్న పిలుపు వినిపించింది. సింహాద్రి గొంతు.

"ఊఁ."

"సుక్క మీదెక్కి ఫ్లాక్ దాకా పోతే ఏటవుద్ది?"

ఫ్లాక్ మాకు అయిదు మైళ్లు. నాకు ఒళ్లు మండింది. మేనేజరు మళ్లీ ఏదో పని పురమాయించాడు, నన్ను అడిగితే కాదంటానని ఇతన్ని పంపాడు అనుకున్నాను. మేకులు చేతిలోకి ఉమ్మాను గాని తల ఎత్తలేదు.

"ఏమవుతుందా? పగులు వెంట్రుకల దాకా లేచిపోతుంది. కాలు పోయినట్టే. ఇన్నాళ్లు మనం పడ్డ కష్టం బూడిదలో పోసినట్టే."

"మెల్లిగా పోతే? చేను గట్టునుంచి?"

"మెల్లిగా లేదు, బేగి లేదు. ఎవరడిగినా సరే, పా కపావ్, కుదరదని చెప్పెయ్."

అతను కాసేపు అక్కడే నిలబడ్డాడు. వంగి ఉన్న నాకు అతని ఒట్టి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక పాదం మీద ఏదో తడి, మురికి అనుకున్నాను.

"సరే" అన్నాడు. పాదాలు వెళ్లిపోయాయి.

నేను గాడిదకు మిగతా మూడు లాడాలూ కొట్టాను, గంట పైనే పట్టింది. మేకుల కొసలు వంచి, ఆకురాయి పట్టాను. కాలు దించి నడుం నిటారు చేసుకునేసరికి మా ఆవిడ పైడమ్మ పరిగెత్తుకుంటూ వస్తోంది. చంకలో మా చంటివాడు.

"రాములమ్మకి కానుపయింది. ఆడగుంట. రక్తం ఆగడం లేదు. డాక్టర్ని తేవాలని మంత్రసాని ఎప్పుడో చెప్పింది. అన్న పరిగెత్తుకుని ఫ్లాక్ పోయాడంట, మీకు తెలీదా?"

నాకు తెలీదు అని చెప్పబోయాను. ఆకురాయి అక్కడే పడేశాను.

సాలకు పరిగెత్తాను. చుక్కకు కళ్లెం వేసి ఉంది. సింహాద్రి కళ్లెం వేసి, ఆ తరవాతే నన్ను అడగడానికి వచ్చాడు. నేను దాని మీదెక్కి, గట్టు వెంట వెళ్లాను. రెండు మైళ్లు దాటాక డాక్టరు బండి ఎదురొచ్చింది. సింహాద్రి బండివాడి పక్కన కూర్చుని ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. అతను అయిదు మైళ్లూ పరిగెత్తాడు, డాక్టరు వేరే ఇంట్లో ఉంటే అక్కడికీ పరిగెత్తాడు. నా వైపు, చుక్క వైపు చూశాడు.

బండి వెనకే నేనూ తిరిగి వచ్చాను. మా ఇళ్ల వరస కనిపిస్తుండగా ఆడవాళ్ల ఏడుపు వినబడింది. సింహాద్రి బండి దిగి పరిగెత్తలేదు. బండి దానంతటది నెమ్మదించి ఆగేదాకా అలాగే కూర్చున్నాడు. ఆగాక కూడా కూర్చునే ఉన్నాడు. డాక్టరే ముందు దిగి లోపలికి వెళ్లాడు.

డాక్టరు బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే అడిగాను. అరగంట ముందు వచ్చి ఉంటే బతికేదా అని. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"బతికేదేమో. బతక్కపోనేమో. చెప్పలేను" అన్నాడు.

ఆ మాటతోనే ఇన్నేళ్లూ ఉన్నాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మర్నాడు చుక్క కాలు ఎత్తి చూశాను. నాలుగు మైళ్లు నన్ను మోసింది. పగులు ఒక్క వెంట్రుక వాసి కూడా పాకలేదు.

నేను చెప్పిన అబద్ధం

ఈ భాగం ముఖ్యంగా పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదవాలి.

ఆ మధ్యాహ్నం నేను చెప్పింది నిజం కాదు. కాలు పోతుందన్నాను. కాలు పోదు. మహా అయితే పగులు కొంత పైకి లేచి ఉండేది, మళ్లీ నాలుగైదు నెలలు బురదా ఆముదమూ పట్టేది. అది నాకు అప్పుడే తెలుసు. మేనేజరును అదిలించడానికి పెద్దది చేసి చెప్పాను. నా పనిని ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాను. పని తెలిసిన ప్రతివాడూ ఇలా చేస్తాడు. ఎదుటివాడికి తెలియదు కదా, కాస్త భయపెడితే మన మాట నిలుస్తుంది అనుకుంటాం. నా మాటను ఎప్పుడూ కొట్టిపారేసే మేనేజరు చెవిన అది పడలేదు. నన్ను నమ్మిన మనిషి విన్నాడు.

కాబట్టి ఎంత ఉందో అంతే చెప్పండి. నెల పడుతుందంటే నెల అనండి. ప్రమాదం కొంచెం ఉందంటే కొంచెం అనండి. ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు అన్నది తెలుసుకోకుండా జవాబు చెప్పకండి. జంతువు కాలు కింద పెట్టి, లేచి నిలబడి, మనిషి మొహం చూడండి. సింహాద్రి మొహం చూసి ఉంటే నేను అడిగేవాణ్ణి. అతని పాదం మీద ఉన్నది మురికి కాదని తెలిసేది.

ఆ తరవాత

పదకొండో రోజు పొద్దున సింహాద్రి సాలకు వచ్చాడు. అప్పటిదాకా చుక్క డెక్కకు నేనే నూనె రాస్తున్నాను. గిన్నె నా చేతిలోంచి తీసుకుని, కూర్చుని, దాని కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. బొటనవేలితో పగులు తడిమాడు.

"ఇంకెంతో లేదు గవరయ్యా" అన్నాడు. "రెండు గింజలే."

నేను బయటికి వచ్చేశాను. అతని ముందు నిలబడలేకపోయాను.

బిడ్డకు సత్తెమ్మ అని పేరు పెట్టారు. మా చంటివాడితో పాటు పైడమ్మే పాలిచ్చింది. రెండేళ్లు మా ఇంట్లోనే పెరిగింది. మా ఆవిణ్ణి అమ్మ అనే పిలిచేది, ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. సాయంత్రం సింహాద్రి వచ్చి, గుమ్మం బయట కూర్చుని బిడ్డను ఒళ్లో పెట్టుకునేవాడు. లోపలికి రమ్మంటే "కాళ్లు మట్టిగా ఉన్నాయి" అనేవాడు.

చుక్క కుడి డెక్క ఆ కోతల చివరికి పూర్తిగా బాగుపడింది. నా బతుకులో అంత చక్కగా మానిన డెక్క ఇంకొకటి లేదు. మేనేజరు చూసి నా భుజం తట్టాడు. చుట్టుపక్కల ఎస్టేట్లవాళ్లు పగిలిన డెక్కలుంటే నన్నే పిలవడం మొదలుపెట్టారు. నాకు పేరు తెచ్చిన పని అదే. ఎవరైనా మెచ్చుకుంటే నాకు అన్నం సహించేది కాదు. మళ్లీ ఏడు చుక్కను క్యూర్‌పీప్ ఊరి దొర ఎవరికో అమ్మేశారు. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల వెంట సింహాద్రి పెద్ద రోడ్డు దాకా నడిచాడు. తిరిగొచ్చి ఎస్టేటు పని మానేస్తానని చెప్పాడు.

టేర్ రూజ్‌లో అతని చుట్టం ఒకాయన కూరగాయల తోట వేశాడు. సింహాద్రి సత్తెమ్మను తీసుకుని అక్కడికి వెళ్లిపోయాడు. మళ్లీ ఏ గుర్రం మీదా చెయ్యి వెయ్యలేదని విన్నాను.

అయితే ఏటా శ్రీరామనవమి భజనలకు బ్రిజే వెర్దియేర్ వచ్చేవాడు. కూతురికి మా ఆవిణ్ణి చూపించి, రోజంతా నా కొలిమి ముందున్న బల్ల మీద కూర్చునేవాడు. నేనూ పని ఆపి పక్కన కూర్చునేవాణ్ణి. ఈసారి అడగాలి, ఈసారి చెప్పాలి అని ప్రతి ఏడూ అనుకున్నాను. తుపాను సంగతి, వంకాయలకు పట్టిన పురుగు సంగతి మాట్లాడుకునేవాళ్లం. సాయంత్రం రైలుకు వెళ్లిపోయేవాడు.

టేర్ రూజ్‌లో

నేను పని మానేసిన ఏడాదే సింహాద్రి పోయాడు. నాలుగు రోజులు జ్వరం, అంతే. కబురు అందేసరికి దహనం అయిపోయింది. పన్నెండో రోజుకు నేనూ పైడమ్మా వెళ్లాం.

సత్తెమ్మకు అప్పటికి పెళ్లయి, ఒక కొడుకు. భోజనాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. పైడమ్మ లోపల పడుకుంది. సత్తెమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. ఆ పెరడు ఏరు సముద్రంలో కలిసేచోటుకు దగ్గర. తోట అవతల తడి ఇసకలో పిట్టలు తిరుగుతున్నాయి. నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఇంక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని తెలుసు.

"అమ్మా, మీ అమ్మ పోయిన రోజున మీ నాన్న నా దగ్గరికి వచ్చాడు" అని మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. మేకులు, కుంటి గాడిద, నేనన్న ప్రతి మాట. కాలు పోతుందన్నది అబద్ధమని కూడా చెప్పాను. సత్తెమ్మ తోముతూనే వింది.

"నాకు తెలుసు చిన్నాన్నా" అంది.

"ఎవరు చెప్పారు?"

"నాన్నే. నా పెళ్లికి ముందు చెప్పాడు." చేతికంటిన బూడిద కడుక్కుంది. "గవరయ్యది ఏం తప్పు లేదు అనేవాడు. 'నేను అడగవలసింది గుర్రం సంగతి కాదు. మీ యమ్మ సచ్చిపోతున్నాదని ఒక్క మాట అనుంటే, వాడు సుత్తి పారేసి వాడే వచ్చి నన్ను గుర్రం ఎక్కించేవోడు. ఆ మాట నోటి దాకా వచ్చింది. పైకి అంటే నిజమైపోద్దేమోనని భయమేసినాది. అందుకని గుర్రం గురించి అడిగినాను' అనేవాడు."

"నీతో ఈ మాట చెప్పాలనే ప్రతి ఏడూ బయలుదేరేవాడు" అంది సత్తెమ్మ. "నాకు తెలిశాక, చెప్పావా అని తిరుగు రైల్లో అడిగేదాన్ని. 'నాకు నోరు రాలేదమ్మా. వాడి గుర్రం మంచిగయింది, వాడికి పేరొచ్చింది, వాడికి ఇప్పుడు ఈ బాధెందుకు' అనేవాడు."

ఇరవై ఏళ్లకు పైగా, ఏడాదికొక రోజు, మేమిద్దరం ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. తప్పు నాది అని ఇద్దరం అనుకున్నాం. వంకాయల గురించి మాట్లాడుకున్నాం.

సత్తెమ్మ కడిగిన గిన్నె నా చేతికిచ్చింది. తుడిచి పక్కన బోర్లించాను. ఇంకొకటి ఇచ్చింది.